శేషం నాలుగు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మూడో గది తలుపు మీద
సుద్దముక్కతో నేనే రాశాను ఆ లాటు నంబరు.
73939133.
ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల
ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు.
ఒక్క గుక్కలో చదవలేం.
మిర్చి ఘాటుకి లక్షల దగ్గరే తుమ్మొస్తుంది.

ఏసుపాదం ముఠా బస్తాలు దించుతుంటే
గోనె అంచు రాసుకుని కొసన ఉన్న మూడు చెరిగింది.
మర్నాడు దాని పక్క మూడు.
ఆ తర్వాత ఎవరిదో తడి భుజం తగిలి ఒకటి.
మాఘం వెళ్లేసరికి తలుపు మీద

7393913
739391
73939
7393
739
73
7

రాత్రి డ్యూటీలో పనేముంది?
అమోనియా వాసన, కంప్రెసర్ గురక,
పాత తూకం చీటీల వెనక తెల్లకాగితం.
బియ్యెస్సీ రెండో ఏడు లెక్కల్లోనే తప్పినవాణ్ణి,
ఊరికే ఉండలేక భాగహారం మొదలెట్టాను.
ఎనిమిది వేల అయిదు వందల తొంభై ఎనిమిది దాకా వెళితే చాలు,
ఆ పైన వెతకనక్కర్లేదు.
అయినా దారిలో వెయ్యికి పైగా ప్రధాన సంఖ్యలు,
రాత్రికి నలభై చొప్పున, సగం సీజను.

మూడు పెట్టి చూశాను, రెండు మిగిలింది.
ఏడుతో, మళ్లీ రెండే.
పదమూడుతో ఎనిమిది.
దేనికీ తెగదు.
చెరిగాక మిగిలిన తునకలు చూశాను,
అవీ తెగవు, ఒక్కటంటే ఒక్కటీ.
తోక ఎంత కోసినా అదే మొండితనం,
ఆఖరి ఏడు దాకా.

సరే, పెంచుదామని కొసన ఇంకో అంకె చేర్చాను.
సరి అంకెలు, సున్నా, అయిదు, చెప్పేదేముంది.
ఒకటి చేరిస్తే మూడు వచ్చి పంచుకుపోయింది.
ఏడు చేరిస్తే తొమ్మిదే వచ్చింది.
మూడూ తొమ్మిదీ కొన్నాళ్లు బెట్టు చేసి
చివరికి అవీ లొంగాయి.
దానికి తగ్గడం వచ్చు,
పెరగడం రాదు.

ఏసుపాదానికి చెప్పాను.
బడి మొహం చూడనివాడు,
పదకొండు మంది కూలీ వేళ్ల మీద పంచేవాడు.
పంచగా మిగిలిన చిల్లర
గేటు బయట సైదాబీ టీ కొట్టుకి.
అదీ వాళ్ల ముఠా చట్టం.

"పదకొండు మందికి వేస్తే?" అన్నాడు.
నాలుగు మిగులుతుంది.
"ఎనిమిది మందే వస్తే?"
అయిదు.
"అంటే ఎంతమంది వచ్చినా
టీ డబ్బులు మిగుల్తాయన్నమాట."
ఒక్కడే వచ్చి మొత్తం పట్టుకుపోతే మిగలవు.
ఏడు కోట్ల పైచిలుకు మందీ వచ్చి
తలా రూపాయి తీసుకున్నా మిగలవు.
"అంతమందికి ఈ గేటు చాలదులే అయ్యా."

రుణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం
ఉంచకూడదనేది మా నాన్న.
ఆయన తీర్చకుండా పోయిన బాకీకే
ఈ కొలువు చేస్తున్నాను.
శేషం ఉంచడమే పనిగా పెట్టుకున్న అంకెని
ప్రతి వారం మళ్లీ రాస్తున్నాను,
కాస్త లావుగా, కాస్త నొక్కి.

ఫాల్గుణంలో తలుపుకి కొత్త గొళ్లెం బిగించారు.
ఎడమపక్క బిగించారు.
లాగినప్పుడల్లా ఇనుము గీసుకుని
ఒక పొద్దున చూస్తే ముందున్న ఏడు లేదు.

3939133.

చీటీ తిరగేసి, అలవాటుగా, పదకొండు పెట్టాను.
మూడు లక్షల యాభై ఎనిమిది వేల నూట మూడు.
కింద సున్నా.
మళ్లీ వేశాను. సున్నాయే.

లోపల బస్తాలు లారీకెక్కుతున్నాయి.
పదకొండు మంది గేటు దగ్గర కూర్చుని
ఆ రోజు కూలీ పంచుకున్నారు.
పైసా అటూ ఇటూ కాకుండా సరిపోయింది.
ఏసుపాదం చేతులు దులుపుకుని
తలుపు వంక ఒకసారి చూసి
ఏమీ అనలేదు.

సైదాబీకి పన్నెండు టీలు చెప్పి
నా జేబులోంచి ఇచ్చాను.